కొత్త రంగు, తొలి వ్యాక్స్: నడుమ డెబ్బై అయిదు రోజులు

మా నాన్నగారి మారుతి 800 సెప్టెంబరు మొదటి వారంలో విజయవాడ ఆటోనగర్‌లోని ఒక షెడ్డు నుంచి కొత్త రంగుతో ఇంటికి వచ్చింది. 2003లో కొన్న బండి అది. పదేళ్ల కిందట రోడ్డు పక్కన వేయించిన ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) అనే పాతరకం రంగు ఎండకు పూర్తిగా పాలిపోయి, తలుపు మీద చేయి వేస్తే సుద్దముక్క పట్టుకున్నట్టు ఎర్రటి పొడి అంటుకునే స్థితికి వచ్చింది. అందుకే ఈసారి టింకరింగ్, పుట్టీ, ప్రైమర్ అన్నీ వరుసగా చేయించి, బూత్ (రంగు వేసి ఆరబెట్టే మూసిన గది) ఉన్నచోటే రంగు కొట్టించి, పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర కూడా వేయించాను. తాళాలు చేతికిస్తూ పెయింటరు గారు, "మెరుస్తోంది కదా అని వెంటనే వ్యాక్స్ పూయకండి సార్. రెండు నెలలు దాని మానాన దాన్ని వదిలేయండి" అన్నారు. అప్పటికే నేను కార్నోబా వ్యాక్స్, అంటే రంగు మీద మెరుపు కోసం పూసే మైనం, డబ్బా ఒకటి కొని బీరువాలో పెట్టుకుని ఉన్నాను. ఆ వారమే పూయాలన్నది నా ఉబలాటం.

ఆయన మాటలోని కారణం తెలుసుకున్నాక డబ్బా మూత తీయడానికి మనసు రాలేదు. కార్ఖానాలో కొత్త కారుకు రంగు వేసేటప్పుడు దానికి ఇంకా సీట్లు, వైర్లు, రబ్బరు ఏవీ ఉండవు కనుక, వట్టి ఇనుప బాడీని దాదాపు 140 డిగ్రీల వేడిలో కాల్చి రంగును గట్టిపరుస్తారు. నడిచే బండిని అంత వేడిలో పెట్టలేరు. షెడ్డు బూత్‌లో సుమారు 60 డిగ్రీల దగ్గర ఓ అరగంట ఉంచుతారు. పైపొర చేతికి అంటదు, దుమ్ము పట్టదు, చూడడానికి పని పూర్తయినట్టే ఉంటుంది. కానీ రంగును పల్చన చేయడానికి కలిపిన థిన్నర్ లోపల మిగిలి, వారాల తరబడి కొద్దికొద్దిగా బయటికి పోతూనే ఉంటుంది, క్లియర్ కోట్‌లో కలిపిన, పొరను గట్టిపరిచే హార్డెనర్ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. ఆ సమయంలో వ్యాక్స్ పూయడమంటే ఉడుకుతున్న గిన్నె మీద మూత బిగించడమే. బయటికి పోవలసిన ఆవిరి నిలిచిపోయి, పొర మెత్తగా ఉండిపోవచ్చు, మెరుపు మసకబారవచ్చు. పెయింటు తయారుచేసేవారు సాధారణంగా 30 నుంచి 90 రోజుల వరకు ఆగమని చెప్పడానికి కారణం ఇదే. బూత్ లేకుండా ఆరుబయట ఆరిన రంగుకైతే ఎక్కువ రోజులే ఆగడం మంచిది.

వ్యాక్స్ విషయంలో ఓపిక పట్టిన నేను మరో విషయంలో పొరపాటు చేశాను. తొమ్మిదో రోజున బండిని మా వీధిలోని వేపచెట్టు కింద నిలిపాను. మధ్యాహ్నానికి బానెట్ ఎడమవైపున కాకి రెట్ట పడి ఎండిపోయి ఉంది. కంగారులో జేబురుమాలుతో పొడిగానే తుడిచేశాను. రెట్ట పోయింది కానీ, దాని అడుగున రూపాయి బిళ్లంత మసక మచ్చ, మచ్చ చుట్టూ సన్నని గీతలు మిగిలాయి. పక్షి రెట్టలో ఉండే ఆమ్లం, ఎండకు వేడెక్కి మెత్తబడిన పొరను తొలుస్తుంది. రెట్టలోని ఇసుకరేణువులను పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. చేయవలసిందల్లా తడిగుడ్డను దాని మీద అయిదు నిమిషాలు పరిచి, నానిన తరువాత నొక్కకుండా పైకి ఎత్తేయడమే. ఇప్పుడు డిక్కీలో ఒక నీళ్ల సీసా, రెండు మెత్తని గుడ్డలు ఎప్పుడూ ఉంటాయి.

కవరు కప్పితే సరిపోయేది కదా అని కొందరు మిత్రులు అడిగారు. పచ్చి రంగు మీద కవరు కప్పితే చెమ్మ లోపలే నిలుస్తుంది, గాలికి కవరు కదిలినప్పుడల్లా దాని కింద చేరిన దుమ్ము రంగును గీస్తుంది. నీడ, గాలి ఉన్న చోటు చాలు.

ఇంతలో దసరా వచ్చింది. ఇంద్రకీలాద్రి కింద బండికి పూజ చేయించాలని అమ్మ ముందునుంచీ అనుకుంటోంది. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేయడం, కుంకుమ బొట్లు పెట్టడం, టేపుతో బంతిపూల దండ అంటించడం మన అలవాటు. నెల కూడా నిండని రంగు మీద పసుపు మరక దిగవచ్చు, టేపు లాగినప్పుడు అంచులలో పొర లేచి రావచ్చు. ఈ సంగతి అమ్మకు ఎలా చెప్పాలా అని రెండు రోజులు తటపటాయించాను. చెప్పగానే, "అద్దానికి పెడితే మాత్రం అమ్మవారు వద్దంటుందా నాన్నా" అంది. బొట్లు ముందు అద్దానికీ నంబరు ప్లేటుకూ పెట్టాము, దండను దారంతో గ్రిల్‌కు కట్టాము, నిమ్మకాయలు యథావిధిగా చక్రాల కిందికి వెళ్లాయి.

కడగడం గురించి కొంత గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే మన అపార్ట్‌మెంట్లలో కార్ల రంగు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. తెల్లవారుజామున ఒకే బకెట్టు నీళ్లతో, ఒకే గుడ్డతో పది కార్లు తుడిచే పద్ధతిలో మొదటి కారు మట్టి పదో కారును గీస్తుంది. ఎండలో నిలబడి చూస్తే ముదురు రంగు కార్ల మీద సాలెగూడులా కనిపించే గీతలు అలా వచ్చినవే. క్లియర్ కోట్ మందం సుమారు 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే సన్నం. గీత పడ్డ ప్రతిసారీ దాన్ని అరగదీసి సరిచేసుకుంటూ పోతే మిగిలేదేమీ ఉండదు. మా వాచ్‌మన్‌కు నచ్చజెప్పి, మా బండిని తుడవకుండానే నెల జీతం ఇచ్చాను. మొదటి వారం అసలు కడగలేదు. ఆ తరువాత పొద్దున్నే నీడలో ముందు ధారగా నీళ్లు పోసి మట్టి జార్చి, కారు షాంపూతో మెత్తగా కడిగాను. బట్టల సబ్బుపొడి జోలికి పోలేదు. బోరులోని ఉప్పునీళ్లు ఆరితే తెల్లటి చుక్కలు గట్టిగా పట్టుకుంటాయి కనుక, చివర మంచినీళ్లు పోసి వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాను.

డెబ్బై అయిదో రోజు, నవంబరులో ఒక ఆదివారం ఉదయం, డిక్కీ మూత తెరిచి దాని లోపలి అంచు దగ్గర ముక్కు పెట్టి చూశాను. థిన్నర్ వాసన లేదు. అప్పుడు డబ్బా బీరువాలోంచి బయటికి వచ్చింది. ఈ వ్యాక్స్ ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక జాతి తాటి ఆకుల నుంచి వస్తుంది. ఎండల నుంచి తన తేమను కాపాడుకోవడానికి ఆ చెట్టు ఆకుల మీద పూసుకునే మైనమే అది.

బండి కడిగి, ఆరబెట్టి, రేకు చల్లగా ఉందో లేదో మోచేత్తో తాకి చూశాను. స్పాంజి మీద వేలికొనంత వ్యాక్స్ తీసుకుని, బానెట్‌లో సగభాగానికి, కంటికి కనిపించీ కనిపించనంత పల్చగా పూశాను. మందంగా పూస్తే మెరుపు పెరగదు, తుడవడానికి చేతులు నొప్పి పుడతాయి అంతే. కొద్ది నిమిషాలకు అది మంచు పట్టిన అద్దంలా తెల్లబారింది. వేలితో గీస్తే జిడ్డుగా సాగకుండా శుభ్రంగా పోవాలి, అదే గుర్తు. నాలుగు మడతలు వేసిన గుడ్డతో, మడత మార్చుకుంటూ, బరువు వేయకుండా తుడిచాను. ఒకసారి గుడ్డ నేల మీద పడితే దాన్ని పక్కన పెట్టేసి వేరేది తీసుకున్నాను. నల్ల ప్లాస్టిక్ బంపర్లకు మాత్రం అంటనివ్వలేదు, అక్కడ తెల్ల మరకలు పడితే తేలికగా పోవు. పాత ఎన్‌సీ రంగును తుడిచినప్పుడల్లా గుడ్డ ఎర్రబడేది. ఈసారి గుడ్డ తెల్లగానే ఉంది, ఎందుకంటే వ్యాక్స్ తాకుతున్నది రంగును కాదు, దాని మీది క్లియర్ కోట్‌ను.

మన ఎండలకు ఈ మైనం కొన్ని వారాలకు మించి నిలవదు కనుక, సంక్రాంతి ముందు మరోసారి పూస్తాను. బానెట్ మీది రూపాయి బిళ్లంత మచ్చ మాత్రం అలాగే ఉంది. పైపొరను అరగదీసే కాంపౌండ్ అనే ముద్దతో తీయవచ్చునని పెయింటరు గారు చెప్పారు కానీ, ఆ కొద్దిపాటి పొరను ఇప్పుడే అరగదీయడం నాకు ఇష్టం లేక, వేసవి వెళ్లేదాకా ఆగుతానని ఆయనతో చెప్పాను.