భోక్తల కంటే ముందు తిన్నవాడు

కుంభకోణం దగ్గర తిరువిశనల్లూరులో ఏటా కార్తీక అమావాస్యకి జనం కావేరిలో మునిగి, తడిబట్టలతోనే శివభక్తుడు శ్రీధర వెంకటేశ అయ్యవాళ్ మఠానికి వస్తారు. అక్కడి బావి నీళ్లు తలమీద పోసుకుంటారు. ఆ రోజు ఆ బావిలోకి గంగ వస్తుందని నమ్మకం.

తంజావూరును 1676 నుంచి 1855 దాకా మరాఠాలు ఏలారు. 1684లో గద్దెనెక్కిన శాహజీ ఇంటి భాష మరాఠీ, చుట్టూ తమిళం, కొలువులో నాయకరాజుల నాటి నుంచి వస్తున్న తెలుగు. ఆయనే తెలుగులో యక్షగానాలు రాశాడు. 1693లో తిరువిశనల్లూరును 46 మంది పండితులకు అగ్రహారంగా ఇస్తే, దీనికి శాహజీరాజపురం అని పేరొచ్చింది. మైసూరు వైపు నుంచి వచ్చిన అయ్యవాళ్ ఇక్కడే స్థిరపడ్డారు.

ఒకసారి ఆయన ఇంట్లో తద్దినం. మడితో వంటంతా అయింది, భోక్తలు రావాలి. ఈలోగా పెరటివైపు ఒక మనిషి ఆకలితో వచ్చి నిలబడ్డాడు. ఊరు అంటరానివాడన్న మనిషి. భోక్తల కోసం వండిన అన్నమే అయ్యవాళ్ అతనికి పెట్టేశారు. విషయం తెలిసి భోక్తలు ఇంట్లో అడుగు పెట్టం అన్నారు, గంగలో మునిగొస్తేనే శుద్ధి అన్నారు. కాశీ అంటే నెలల నడక. తద్దినమేమో ఈ రోజే.

అప్పుడు ఆయన నోట గంగాష్టకం వచ్చిందని చెబుతారు. నన్ను పట్టి ఆపేది అందులోని మొదటి శ్లోకం. శంభో, నీ నామాన్ని ఎడతెగక తలచుకునే భాగ్యం వల్ల అంతటా నిన్నే చూసేవాడు, ఈ రోజు అంత్యజుడిలోనూ నిన్నే చూస్తే, "కోఽత్ర కృతోఽపరాధః", ఇందులో చేసిన తప్పేమిటి? గంగను పిలవడం ఆ తర్వాతే. ముందు శివుణ్ణి సూటిగా నిలదీశారు. తప్పైపోయిందని ఒప్పుకుంటే ఆ పూట సులువుగా గడిచేది. కానీ అలా ఒప్పుకోవడమంటే, తాను అన్నం పెట్టింది శివుడికి కాదని ఒప్పుకోవడమే కదా!

బావి పొంగి వీధులు మునిగాయి. వద్దన్నవాళ్లే వచ్చి వేడుకుంటే, ఆయన మళ్లీ ప్రార్థించారు. గంగ బావిలోనే నిలిచింది.

అన్నం తిన్న మనిషి పేరు మాత్రం ఈ కథలో లేదు. నాకది బాధగానే ఉంటుంది. ఆ ఒక్క పూటతో అగ్రహారం గోడలేమీ కూలిపోలేదు. అయినా అయ్యవాళ్, గోవిందపురం సన్యాసి బోధేంద్రులు చెప్పిన నామసిద్ధాంతం, అంటే దేవుడి పేరు తలచుకుంటే చాలనే మాట, కులం, మడి, అర్హత అడగదు. నోరుంటే చాలంటుంది. తర్వాతి కాలంలో మరుదానల్లూరు సద్గురుస్వామి దాన్ని భజన పద్ధతిగా తీర్చిదిద్దారు. తమిళనాట ఈ పద్ధతి భజనలు ఇప్పటికీ తోడయమంగళం అనే ప్రారంభ కీర్తనల వరుసతోనే మొదలవుతాయి. అందులో ముందుగా పాడే "జయ జానకీరమణ" మన భద్రాచల రామదాసుది.