బండి తాళం

లాక్‌డౌన్‌లో అమ్మకు బీపీ మాత్రలు తేవడానికి నల్లగొండ క్లాక్ టవర్ వైపు వెళ్తుంటే పోలీసులు ఆపి, బండి తాళం గుంజుకున్నారు. డాక్టర్ చీటీ చూపించినా వినలేదు. ఏ ఆర్డర్ ప్రకారం సార్ అంటే, "పైనుంచి" అన్నారు. బాగా బతిమాలాక ఇచ్చారు.

తర్వాత చదివితే తెలిసింది, అప్పుడు దేశంలో ఎమర్జెన్సీయే లేదు! నడిచిందంతా 2005 విపత్తు నిర్వహణ చట్టం, ప్లేగు కాలంలో ఇంగ్లీషోళ్లు తెచ్చిన 1897 అంటువ్యాధుల చట్టం మీదే. 1975 ఎమర్జెన్సీలో దెబ్బ తిన్నాం కాబట్టి 1978లో రాజ్యాంగానికి 44వ సవరణ తెచ్చుకున్నాం. కేబినెట్ రాసిస్తేనే రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించాలి, నెలలోపు పార్లమెంటు ఒప్పుకోవాలి, ఆరు నెలలకోసారి మళ్లీ అడగాలి. అప్పుడు కూడా ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన 21వ అధికరణాన్ని పక్కన పెట్టడానికి లేదు. మరి ఈ మామూలు చట్టాలకు ఆ కళ్లెం ఏది? ఆంక్షలు పొడిగించిన ప్రతిసారీ పార్లమెంటును అడగాలన్న రూలే లేదు.

రోగం నిజమే, కట్టడీ అవసరమే (మా వీధిలోనే మనుషులు పోయారు). కానీ గడువు, రాతలో ఉత్తర్వు, అడిగితే జవాబు చెప్పే మనిషి ఉండాలి కదా. ఆంక్షల ఉత్తర్వులు జనానికి తెలిసేలా ప్రచురించాలని కశ్మీర్‌లో ఇంటర్నెట్ ఆపేసిన కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే చెప్పింది. లాక్‌డౌన్ మొదలైంది ఆ మార్చిలో.