గుగ్గిళ్ల ఉడుకు చాలదు: ఇంట్లో హమ్మస్, నా అనుభవం

హమ్మస్ అంటే ఉడికిన శనగల్ని నువ్వుల ముద్దతో నున్నగా రుబ్బే అరబ్బు వంటకం. ఇంట్లో చేసినది నోట్లో రవ్వరవ్వగా తగిలితే ముందు తిట్లు తినేది మిక్సీ. చాలాసార్లు చేసి, చాలాసార్లు చెడగొట్టాక నాకు తేలిందేమిటంటే, శనగల్ని సగం ఉడుకులో దింపేసినప్పుడే ఆ రవ్వ ఖాయమైపోతుంది. ఆ తర్వాత మిక్సీ ఎంతసేపు తిప్పినా లాభం లేదు. దసరా గుగ్గిళ్లకైతే శనగ మెత్తబడాలి గానీ ఆకారం చెదరకూడదు. మన చెయ్యి ఆ లెక్కకే అలవాటు పడి ఉంటుంది. హమ్మస్‌కి ఆ లెక్క పనికిరాదు. ఉడికిన గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఊరికే అదిమితే, ఎక్కడా పలుకు తగలకుండా వెన్నలా పరుచుకోవాలి. కుక్కర్లో కొన్ని గింజలు వాటంతటవే చితికి కనిపిస్తే ఇంకా మంచిది.

కొలతలు ముందే చెప్పేస్తాను. తెల్ల కాబూలీ శనగలు పావుకిలో, తహీనీ (జారుగా రుబ్బిన నువ్వుల ముద్ద) 180 నుంచి 200 గ్రాములు, నిమ్మరసం 3 టేబుల్ స్పూన్లు, వెల్లుల్లి నాలుగైదు చిన్న రెబ్బలు, ఉప్పు ఒకటింపావు టీస్పూను, జీలకర్ర పొడి అర టీస్పూను, ఐసు నీళ్లు 100 మి.లీ. దాకా, వంట సోడా మొత్తం మీద ఒక టీస్పూను. నలుగురైదుగురికి సరిపోతుంది. తహీనీ ఎక్కువైందని కంగారు పడొద్దు. రెండు చెంచాల తహీనీ వేసి సరిపెట్టుకుంటే వచ్చేది శనగల పచ్చడి.

శనగల్లో లావువాటికి ధర ఎక్కువ గానీ, హమ్మస్‌కి చిన్నవే నయం. త్వరగా, సమానంగా ఉడుకుతాయి. ప్రకాశం జిల్లాలో పండే కాక్-2 రకం లాంటి మామూలు సైజు తెల్ల శనగలు చక్కగా సరిపోతాయి. చూడాల్సింది పాతవా కొత్తవా అన్నది. మన దగ్గర శనగ పంట ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేతికొస్తుంది. వేడిలో, తేమలో నెలల తరబడి నిలవున్న గింజ గట్టిపడిపోయి ఎంత ఉడికించినా లోపల పలుకు వదలదు. నల్ల శనగలతో చేయొచ్చా అని అడుగుతుంటారు. చేయొచ్చు, కానీ తోలు మందం, రంగు మట్టి రంగు, వాసన వేరు. పుట్నాల పప్పు జోలికైతే అసలు వెళ్లొద్దు, అది దోసెల్లోకి బాగుంటుంది.

రాత్రి శనగలు కడిగి, వాటికి నాలుగింతలు నీళ్లు, అర టీస్పూను వంట సోడా వేసి 12 గంటలు నానబెడతాను. పొద్దున్నకి పావుకిలో కాస్తా దాదాపు అరకిలో అవుతుంది. నానకుండా రాయిలా మిగిలినవి ఏరి పారేయాలి, అవి చివరిదాకా అలాగే ఉంటాయి. ఆ నీళ్లు వంపేసి, మళ్లీ కడిగి, కొత్త నీళ్లు పోయాలి.

ఈ నీళ్ల సంగతి దగ్గర కాస్త ఆగాలి. హైదరాబాదులో బోరు నీళ్లతో పప్పు ఉడక్క విసిగిపోయినవాళ్లకి ఇది కొత్త కాదు. శనగ కణాల్ని అంటిపెట్టే జిగురులాంటి పదార్థం పెక్టిన్. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి ఆ పెక్టిన్‌ని పట్టుకుని ఇంకా బిగిస్తాయి. సోడా చేసే పని దీనికి రివర్సు: నీటిని క్షారంగా మార్చి పెక్టిన్ కరిగేలా చేస్తుంది, తోలు చిదిమితే చితికిపోతుంది. అందుకే నానబెట్టడానికీ, ఉడికించడానికీ రెండింటికీ ఆర్‌ఓ ఫిల్టరు నీళ్లే వాడతాను. ఉప్పు వేస్తే శనగలు ఉడకవంటారు గానీ, అసలు అడ్డుపడేది పులుపు. నిమ్మరసం, చింతపండు, టమాటా ఏదైనా సరే, ఉడకకముందు తగిలిందంటే గింజ బిగుసుకుపోతుంది. సోడా బదులు బేకింగ్ పౌడర్ వేయకూడదు, అందులో పుల్లటి పదార్థం కూడా కలిసి ఉంటుంది. అలాగని సోడా గుప్పించినా సబ్బు రుచి వస్తుంది. నానేటప్పుడు అర, ఉడికేటప్పుడు అర, అంతే.

5 లీటర్ల కుక్కర్లో నానిన శనగలు, మిగతా అర టీస్పూను సోడా, గింజల మీద రెండు అంగుళాలు నిలిచేలా నీళ్లు పోసి, ముందు మూత పెట్టకుండా మరిగించండి. సోడా వల్ల నురుగు బాగా పొంగుతుంది. ఐదు నిమిషాలు ఆ నురుగు, దానితో తేలే తోళ్లు తీసేస్తూ ఉండాలి. ఇది బద్ధకించే పని కాదు. నురుగు, ఊడిన తోలు వెళ్లి విజిల్ రంధ్రంలో అడ్డం పడితే కుక్కరు ప్రమాదం. అందుకే కుక్కర్లో శనగలూ నీళ్లూ కలిపి సగానికి మించనివ్వను. నురుగు తగ్గాక మూత పెట్టి, మధ్యస్థం మంట మీద నాలుగు విజిళ్లు, ఆపైన సన్నటి సెగ మీద పావుగంట. ఆవిరి దానంతటదే దిగాలి. మూత తీశాక వేళ్ల మధ్య పరీక్ష. ఒక్క గింజ చూసి వదిలేయకుండా నాలుగైదు చూడండి. పలుకు తగిలితే ఇంకో పావుగంట సన్నటి సెగ.

తోళ్లు ఒక్కొక్కటీ ఒలవాలా? సోడా సరిగ్గా పనిచేస్తే అక్కర్లేదు. శనగలు ఉడికిన నీళ్లు ఒక కప్పు ముందే తీసి దాచండి. ఓపికుంటే ఉడికిన శనగల్లో గోరువెచ్చటి నీళ్లు పోసి చేత్తో మెల్లగా కలియతిప్పండి, తోళ్లు పైకి తేలతాయి, వంపేయండి. రెండుసార్లు చేస్తే సగానికి పైగా పోతాయి. అలంకరణకి గుప్పెడు గింజలు విడిగా ఉంచుకుని, మిగతావి చిల్లుల గిన్నెలో బాగా వడకట్టాలి. నీరు మిగిలితే హమ్మస్ పలచబడడమే కాదు, చప్పబడుతుంది. డబ్బా శనగలైతే చిటికెడు సోడాతో ఇంకో 20 నిమిషాలు మరిగించాల్సిందే. డబ్బాలోవి సలాడ్‌కి సరిపడా మాత్రమే ఉడికి ఉంటాయి.

ఇక తహీనీ. కొన్నదైతే సీసాలో పైన నూనె, అడుగున ముద్ద విడిపోయి ఉంటుంది. అడుగంటా కలిపి తీయాలి, లేకపోతే మొదటి హమ్మస్ జిడ్డుగా, చివరిది సిమెంటులా వస్తుంది. ఇంట్లో చేయాలంటే పొట్టు తీసిన నువ్వులే కావాలి. పొట్టుతో ఉన్న తెల్ల నువ్వులు కాస్త మసకగా కనిపిస్తాయి, పొట్టు తీసినవి నిగనిగలాడతాయి. చేదంతా పొట్టులోనే ఎక్కువ. 200 గ్రాముల నువ్వుల్ని మందపాటి మూకుడులో సన్నటి సెగ మీద నాలుగైదు నిమిషాలు, వేడెక్కి వాసన మొదలయ్యేదాకా వేయించి, రంగు మారకముందే పళ్లెంలో పోసేయాలి. చిటపటలాడేదాకా వేయిస్తే ఇడ్లీల్లోకి పొడి బాగుంటుంది, తహీనీ మాత్రం చేదెక్కుతుంది.

చల్లారాక చిన్న జార్లో తిప్పితే ముందు పొడి అవుతుంది, తర్వాత గోడలకి అంటుకుని బెల్లం లేని చిమ్మిలిలా ముద్దకడుతుంది. చాలామంది ఇక్కడే ఆపేసి, అయిపోయిందనుకుంటారు. అర నిమిషం తిప్పడం, ఆపి గోడలు గీకడం, జారు వేడెక్కితే కాసేపు వదిలేయడం, మళ్లీ తిప్పడం. వాసన లేని నూనె ఒక్కో చెంచా చొప్పున మూడు టేబుల్ స్పూన్ల దాకా పడుతుంది. పది నిమిషాల్లో ఆ చిమ్మిలి ఒక్కసారిగా వదులై, గరిటె ఎత్తితే తేనెలా ధారకట్టాలి. ఆగకుండా తిప్పితే మోటారు ఆగిపోతుంది. మిక్సీ అడుగున ఎర్ర బొత్తాం ఉంటే కాసేపయ్యాక అది నొక్కితే మళ్లీ తిరుగుతుంది.

వెల్లుల్లి విషయంలో ఒక చిన్న కిటుకు. రెబ్బ నలిగినప్పుడు లోపలి ఎంజైము పనిచేసి ఘాటు పుట్టిస్తుంది, పులుపు తగిలితే ఆ ఎంజైము ఆగిపోతుంది. కాబట్టి వెల్లుల్లిని నిమ్మరసంలోకే తురిమి, ఉప్పు వేసి, పది నిమిషాలుంచి వడకట్టేస్తాను. వెల్లుల్లి వాసన ఉంటుంది, గొంతు మంట ఉండదు. నేరుగా శనగలతో రుబ్బితే ఆ పూటకి ఫర్వాలేదు గానీ మర్నాటికి ఘాటెక్కి కూర్చుంటుంది. అరబ్బు దేశాలవాళ్లు వాడేది పెద్ద పసుపు నిమ్మ. మన చిన్న నిమ్మకి పులుపు ఎక్కువ, అందుకే నా కొలత 3 టేబుల్ స్పూన్ల దగ్గర ఆగింది.

వెడల్పాటి గిన్నెలో తహీనీ తీసుకుని ఈ నిమ్మరసం పోసి కలపండి. జారుగా ఉన్న తహీనీ ఒక్కసారి బిగుసుకుని, రంగు మారి, విరిగిపోయినట్టు ముక్కలు ముక్కలవుతుంది. చెడిపోలేదు. నువ్వుల్లోని పొడి పదార్థం ఆ కాస్త తడినీ పీల్చుకుని ఒకదానికొకటి అంటుకోవడం అది. ఐసు నీళ్లు రెండేసి చెంచాలు పోస్తూ కలుపుతూ పోతే ఇంకా గట్టిపడినట్టే ఉండి, నాలుగోసారికో ఐదోసారికో ఉన్నట్టుండి సడలి, తెల్లగా, నున్నగా, గిలక్కొట్టిన పెరుగులా మారుతుంది. హమ్మస్‌లో తెలుపు, తేలిక ఈ గిన్నెలోనే వస్తాయి. భయపడి గట్టిగా ఉన్న దశలో ఆపేస్తే తినేటప్పుడు అంగిలికి అతుక్కుంటుంది.

శనగల్ని పూర్తిగా చల్లారనివ్వకూడదు. చల్లారితే లోపలి పిండిపదార్థం గట్టిపడి నున్నగా రుబ్బుడు పడదు. అలాగని పొగలు కక్కుతూ వేసి మూత బిగిస్తే ఆవిరికి మూత ఎగిరి ముఖాన పడుతుంది. చెయ్యి ఓర్చుకునే వేడి సరి. పెద్ద జార్లో సగం శనగలే వేసి, దాచిన నీళ్లు రెండు చెంచాలు పోసి తిప్పాలి. ముద్ద గోడలకంటుకుని బ్లేడు ఖాళీగా తిరుగుతున్న చప్పుడు వస్తే ఆపి, గీకి, ఇంకో చెంచా నీళ్లు. మూడు నిమిషాలకి వేళ్ల మధ్య రాసి చూస్తే రవ్వ తగలకూడదు. రెండో వాయి కూడా అయ్యాక తహీనీ మిశ్రమం, జీలకర్ర పొడి కలిపి ఒక్క నిమిషం తిప్పితే చాలు. ఇడ్లీపిండి కన్నా కొంచెం జారుగా ఉన్నప్పుడే ఆపండి. అరగంట విశ్రాంతిలో బాగా బిగుస్తుంది. ఆలివ్ నూనె మాత్రం మిక్సీలో వేయను. మంచి ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె బ్లేడు వేగానికి చేదు తిరగొచ్చు. దాని చోటు పైన.

అరబ్బీలో హమ్మస్ అన్న మాటకి అర్థమే శనగ. ఈ వంటకం పూర్తి పేరు హమ్మస్ బి తహీనా, అంటే తహీనీ కలిపిన శనగలు. బీట్‌రూట్ హమ్మస్ వరకు ఒప్పుకుంటాను, శనగే లేని అవకాడో హమ్మస్ అనే పేరు వింటే మాత్రం నవ్వొస్తుంది. మనకి రెస్టారెంట్లలో ఇది భోజనానికి ముందు వచ్చే చిన్న గిన్నె. బేరూతు, డమాస్కస్, జెరూసలెం, యాఫాల్లో పొద్దుటిపూట టిఫిను. అది ఎవరి వంటకం అన్న గొడవ లెబనాన్, ఇజ్రాయెల్ మధ్య గిన్నిస్ రికార్డుల దాకా వెళ్లింది. 2010లో లెబనాన్ వంటవాళ్లు 10,452 కిలోలు చేశారు, ఆ దేశ విస్తీర్ణం సరిగ్గా అన్ని చదరపు కిలోమీటర్లని లెక్కపెట్టి మరీ. గల్ఫులో పనిచేసి వచ్చిన కరీంనగర్, నిజామాబాద్, కడప వాళ్లకి ఖుబూస్ రొట్టెతో పాటు దీని రుచీ పాతదే.

వడ్డించేది గుంట గిన్నెలో కాకుండా వెడల్పు పళ్లెంలో. చెంచా వీపుతో అంచులకి తోస్తూ పళ్లెం తిప్పితే మధ్యలో గుంట పడుతుంది. అందులో దాచిన వెచ్చటి శనగలు, రెండు చెంచాల ఆలివ్ నూనె, చిటికెడు కారం, తరిగిన కొత్తిమీరో పార్‌స్లీయో. నిమ్మరసంలో దంచిన పచ్చిమిర్చి, వెల్లుల్లి కలిపి పక్కన పెడతారు అక్కడ. ఇది మన నాలుకకి వెంటనే నచ్చుతుంది. పచ్చి ఉల్లిపాయ రేకతో ఎత్తుకుని తినడం కూడా అక్కడి అలవాటే. పీటా రొట్టె లేకపోతే మందంగా కాల్చిన పుల్కా బాగుంటుంది, వేడి జొన్నరొట్టె ఇంకా బాగుంటుంది. ఇడ్లీతో నాకు నచ్చలేదు. ఇంటికొచ్చినవాళ్లకి నువ్వులు పడతాయో లేదో ముందే అడగండి, కొందరికి అలర్జీ గట్టిగా ఉంటుంది.

ఫ్రిజ్‌లో మూత బిగిస్తే మూడు నాలుగు రోజులుంటుంది. చల్లగా తింటే రుచి సగమే తెలుస్తుంది, అరగంట ముందు తీసి ఒక చెంచా వేడినీళ్లు, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపితే మళ్లీ వదులవుతుంది. ఎండాకాలం గంటకి మించి బయట ఉంచను. తరచూ చేసుకునేవాళ్లు శనగలు కిలో వాయిలవారీగా ఉడికించి, పావుకిలో గింజల లెక్కన పొట్లాలు కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు, రుబ్బేముందు నీళ్లలో ఒక పొంగు రానిస్తే చాలు. రొట్టె ముంచిన పళ్లెంలో మిగిలింది మాత్రం మళ్లీ డబ్బాలో కలపకండి.