రెండొందలా, నాలుగొందల యాభయ్యా: ఎనిమిది నెలల మట్టిదారి లెక్కలు

జూన్ 2025, రెండో ఆదివారం

పొద్దున్న ఐదుకి అనకాపల్లిలో బయల్దేరి, నర్సీపట్నంలో ఇడ్లీ తిని, ఘాట్ ఎక్కి చింతపల్లి దాకా పోయి వచ్చాను. రానూపోనూ ఇంచుమించు 200 కిలోమీటర్లు. పదకొండేళ్ళ నా 150 సీసీ బండి తారు మీద ఏ పేచీ పెట్టలేదు. లంబసింగి దాటాక కాఫీ తోటల పక్కనుంచి దిగే ఓ ఎర్రమట్టి దారిలోకి తిప్పానో లేదో, ఇంజను కింద రాయి ఠంగుమని కొట్టింది. వంద గజాలు పోయాక మళ్ళీ కొట్టింది. దిగి, బండి తోసుకుంటూ వెనక్కి తిప్పుకున్నాను. ఆ దారి ఎక్కడికి పోతుందో చూడకుండానే ఇంటికొచ్చేశాను.

తారూ మట్టీ రెండూ తొక్కే బండి కావాలి. వడపోస్తే రెండు మిగిలాయి: హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450. మిగతావాటి జోలికి పోలేదు. అన్నీ చూస్తూ కూర్చుంటే వానాకాలం దాటిపోతుంది.

జూన్ చివర

కాగితం మీద లెక్క ఇది. ఎక్స్‌పల్స్ 199.6 సీసీ, ఆయిల్ కూలర్ ఉన్న ఇంజను, 19 పీఎస్ చిల్లర (ఇంజను శక్తికి కొలత), 17.35 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం), ఐదు గేర్లు, 13 లీటర్ల ట్యాంకు, బరువు 159 కిలోలు. హిమాలయన్ 452 సీసీ, రేడియేటరు ఉన్నది, 40 పీఎస్, 40 న్యూటన్ మీటర్లు, ఆరు గేర్లు, 17 లీటర్లు, 196 కిలోలు. రెండింటికీ ముందు చక్రం 21 అంగుళాలదే. రాళ్ళ మీదికి ఎక్కి దిగడానికి ఆ సైజు ముఖ్యం. వెనక ఒకదానికి 18, రెండోదానికి 17.

శక్తిని బరువుతో భాగించి చూస్తే పెద్దదే గెలుస్తుంది, అదీ గట్టిగా. కిలోకి 0.20 పీఎస్ దానిది, 0.12 దీనిది. ఆ రోజు రాత్రి నేను మానసికంగా 450 కొనేశాను.

సీటు ఎత్తు చూసి మాత్రం నవ్వొచ్చింది. రెండూ 825 మిల్లీమీటర్లే. నాది ఐదడుగుల ఐదంగుళాలు. రెండింటి మీదా కూర్చుంటే పాదం ఆనే తీరు వేరువేరుగా ఉంది. సీటు వెడల్పుగా ఉంటే తొడలు బయటికి పోయి కాలు పొట్టిదవుతుంది. సన్నగా ఉంటే అదే ఎత్తులో మునివేళ్ళతో పాటు ఇంకాస్త పాదం ఆనుతుంది. హిమాలయన్ సీటుని 845 దాకా పెంచుకోవచ్చు, 805 సీటు విడిగా కొనుక్కోవచ్చు. కాబట్టి పొట్టివాళ్ళు 825 అనే అంకె చూసి భయపడనూ వద్దు, ధైర్యపడనూ వద్దు. కూర్చుని చూడాలి.

జూలై, మూడో వారం

గాజువాకలో ఉండే మా బావకి హిమాలయన్ 450 ఉంది. ఒక్క ఆదివారం ఇమ్మని అడిగితే తాళం చేతిలో పెట్టి, "గీత పడిందంటే మీ అక్కకి నువ్వే చెప్పుకో" అన్నాడు.

హైవే మీద ఆ బండి ఏమిటో మొదటి పది నిమిషాల్లోనే అర్థమైంది. లారీల వరస పక్కన గేరు మార్చే పని లేకుండానే దాటేస్తోంది. వందలో పోతున్నా చేతులకి అలుపు లేదు, గాలి గుండెల మీద పడడం లేదు. ఘాట్‌లో మలుపు మలుపుకీ కిందినుంచి ఎవరో తోస్తున్నట్టు లాగింది. ఇంత హాయిగా నేనెప్పుడూ లంబసింగి ఎక్కలేదు.

అదే మట్టిదారిలోకి తిప్పాను. ముందు రాత్రి వాన పడింది. ట్రాక్టరు చక్రాల గాడిలోకి ముందు టైరు దిగింది. బయటికి తీద్దామని హ్యాండిలు తిప్పడం నా తప్పు. గాడిలో పడ్డాక దాంట్లోనే పోవాలని అప్పటికి నాకు తెలీదు. కాలు దింపాను. బూటు జారింది. బండి కుడివైపు చాలా నిదానంగా, పడుకోబోయే గేదెలాగా ఒరిగిపోయింది.

మూడుసార్లు లేపబోయాను. మూడోసారి మోకాళ్ళ దాకా లేచి, నా కాళ్ళ కింద మట్టి జారి మళ్ళీ పడింది. సిగ్నల్ లేదు. అరగంటకి పశువుల్ని తోలుకుంటూ ఇద్దరు వచ్చారు. పెద్దాయన బండినీ నన్నూ ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, ఇంత బరువుదేసుకొని ఒక్కడివే వచ్చీసినావేటి?" అన్నాడు. ముగ్గురం పట్టి లేపాం. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

అక్కకి నేనే చెప్పుకున్నాను.

ఆగస్టు

ఈ నెలంతా రెండే పనులు: బండి లేపడం నేర్చుకోవడం, కిలోమీటర్లు లెక్క రాయడం.

లేపడంలో ఓ పద్ధతి ఉంది, ముందే తెలిసుంటే ఆ పెద్దాయనకి దొరికిపోయేవాణ్ణి కాదు. మొదట ఇంజను ఆపాలి. బండి కుడివైపు పడితే లేపేముందే సైడ్ స్టాండు బయటికి తీసి ఉంచాలి, లేకపోతే లేపిన ఊపుకి అటుపక్కకి పడుతుంది. గేరులో ఉంచాలి, దొర్లిపోకుండా. హ్యాండిలుని నేలవైపుకి పూర్తిగా తిప్పి, సీటుకి వీపు ఆనించి కూర్చున్నట్టు వంగి, ఒక చేత్తో హ్యాండిలు పిడీ, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రెయిలూ పట్టుకుని, చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేవాలి. బలమంతా తొడలదే. నడుముతో లేపితే మర్నాడు ఆఫీసులో కుర్చీ దిగలేరు.

ఖాళీ జాగాలో గడ్డి మీద బావ బండిని పడుకోబెట్టి ప్రయత్నించాను (కింద పాత పరుపు వేశాం, ఈసారి అక్క కూడా చూస్తోంది). రెండుసార్లు లేచింది, మూడోసారి నా వల్ల కాలేదు. తెలిసిన మెకానిక్ దగ్గరి ఎక్స్‌పల్స్‌ని ఐదుసార్లు వరసగా లేపాను, ఇంకా మాట్లాడే ఓపిక మిగిలింది. రెండు బండ్లకీ తేడా 37 కిలోలు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఒకటిన్నర. అటక మీదికి ఎక్కించినవాళ్ళకి ఆ ఒకటిన్నర బస్తా ఏమిటో తెలుస్తుంది.

ఇక పుస్తకంలో లెక్క. జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా పాత బండీ అరువు బండీ కలిపి ఆదివారాల్లో తిరిగింది 1,460 కిలోమీటర్లు. అందులో మంచి తారు 1,190, గోతుల తారు 190, అచ్చంగా మట్టి 80. ఇది చూపించగానే బావ పట్టుకున్నాడు: "ఎనభై కిలోమీటర్ల కోసం మిగతా పదమూడొందల ఎనభై సర్దుకుపోతావా?"

న్యాయమైన ప్రశ్నే. రెండు రోజులు నిజంగానే తేల్చుకోలేకపోయాను. కానీ మనం పెళ్ళి భోజనానికి నలభై కిలోమీటర్లు పోయేది రోడ్డు బాగుందని కాదు కదా. నేను ఇంట్లోంచి బయల్దేరేదే ఆ ఎనభై కోసం. పైగా నేను పోయేది ఒంటరిగా. బావలాంటి తోడు ప్రతి ఆదివారం ఉండుంటే నా జవాబు వేరేగా ఉండేది.

సెప్టెంబరు 22 తర్వాత

22 నుంచి కొత్త జీఎస్టీ. 350 సీసీ లోపు బండ్లకి 28 శాతం కాస్తా 18 అయింది. 350 దాటినవాటికి ఇన్నాళ్ళూ 28, దాని మీద సెస్ 3, ఇప్పుడు ఏకంగా 40. మనసులో ఊగిసలాట ఇంకా ఉన్నవాడికి ప్రభుత్వం ఒక పక్క మొగ్గు చూపించినట్టయింది. థర్డ్ పార్టీ బీమాలోనూ గీత 350 దగ్గరే: ఏడాదికి 150 నుంచి 350 సీసీ దాకా 1,366 రూపాయలు, ఆ పైన 2,804. కొత్త బండికి ఐదేళ్ళది ఒకేసారి కడితే 7,365, 15,117. ఆ తేడాతో మంచి బూట్లు వస్తాయి.

అక్టోబరు

ఎక్స్‌పల్సే, అదీ ఒకరు వాడినదే కొనాలని తేల్చాను. కొత్త ఎక్స్‌పల్స్ 210 ఈ ఏడాదే వచ్చింది, లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు, 24.6 పీఎస్. బాగుంది. కానీ నేర్చుకునేవాడు పడేస్తాడు. కొత్త బండి పడితే గుండె కలుక్కుమంటుంది, ఆ భయానికి నేర్చుకోవడం మానేస్తాం.

హైదరాబాద్‌లో ఒకటి చవగ్గా దొరికింది, వదిలేశాను. తెలంగాణ రిజిస్ట్రేషన్, అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కడితే చవకంతా ఆవిరి. విశాఖలో 2023 మోడల్ 4వీ చూశాను. ఇంజను చల్లగా ఉన్నప్పుడే వస్తానని ముందే చెప్పాను, వేడిచేసి ఉంచిన ఇంజను ఏ రోగమూ చెప్పదు. చూసినవి: ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుల మీద ఆయిల్ తడి ఉందా, ముందు చక్రం గాల్లోకి లేపి పట్టి ఊపితే హ్యాండిలు మెడలో కదలిక ఉందా, స్పోకుల్ని స్పానరుతో తడితే అన్నీ ఒకే శ్రుతిలో పలుకుతున్నాయా, రిమ్ము అంచు ఎక్కడైనా లోపలికి నొక్కుకుందా, వెనక స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ళ చక్రం) పళ్ళు కొక్కేల్లా వంగాయా. రెండు స్పోకులు బొంగురుగా పలికాయి. చైను సెట్టు అయిపోయింది. వాటి పేరు చెప్పి తగ్గించి లక్షా ఐదు వేలకి మాట కుదుర్చుకున్నాను. ఫారం 29, 30 మీద సంతకాలు, ఆర్సీలో ఫైనాన్సు కొట్టేశారా లేదా చూసుకోవడం, అంతే.

నవంబరు

చైను సెట్టు మార్చేటప్పుడు ముందు స్ప్రాకెట్ ఒక పన్ను తక్కువది వేయించాను. ముందు ఒకటి తగ్గిస్తే వెనక మూడు పెంచినంత పని. ఫస్ట్ గేరులో నడక వేగానికి బండి కుదుపుల్లేకుండా పోతోంది, క్లచ్ మీద వేలు ఆడించే పని తగ్గింది. బదులుగా హైవే మీద 80కే ఇంజను గోల పెడుతోంది. ఉచితంగా ఏదీ రాదు.

నిలబడి నడపడం రెండు ఆదివారాలు నేర్చుకున్నాను. మోకాళ్ళతో ట్యాంకుని పట్టాలి, చేతులు హ్యాండిలు మీద వేలాడకూడదు. కూర్చుని పోతే ప్రతి గుంటా వెన్నెముకకి తగులుతుంది, నిలబడితే బండి కింద దాని దారిన అది ఎగురుతుంటుంది. హ్యాండిలు కింద రైజర్లు (దాన్ని ఎత్తు చేసే దిమ్మలు) వేయించాక వంగే బాధ పోయింది.

మట్టి మొదలయ్యే చోట రెండు టైర్లలోనూ గాలి 20 పీఎస్ఐకి దించుతున్నాను. ఇంకా దించితే పట్టు బాగుంటుంది గానీ ట్యూబు టైర్లు, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పాములు కాటేసినట్టు రెండు చిల్లులు పడతాయి. నాకు ఒకసారి పడ్డాయి. సంచిలో 21 అంగుళాల ట్యూబు ఒకటే ఉంచుకుంటాను, అవసరానికి వెనక 18లో కూడా మడిచి ఇరికించొచ్చు. రెండు టైరు లీవర్లు, చేతి పంపు, ప్యాచ్‌లు. మొదటి ట్యూబు మార్చడానికి గంటా పది నిమిషాలు. ఇప్పుడు 35.

ఈ మోడల్‌లో ఏబీఎస్‌కి (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసేది) మూడు మోడ్‌లు, ఉన్నది ముందు చక్రానికే. వెనక చక్రం ఎలాగూ మన కాలి చేతిలోనే. దిగుడులో దాన్ని కాస్త ఈడ్చుకుంటూ దిగడం అలవాటైంది.

డిసెంబరు

చింతపల్లి అవతల ఓ గెడ్డ (వాగు) దాటాను. ముందు దిగి నడిచాను, నీళ్ళు మోకాలి కిందే, అడుగున గుండ్రాళ్ళు. ఫస్ట్ గేరు, ఒకే థ్రాటిల్, చూపు అవతలి గట్టు మీద. నడుమలో రాయి మీదినుంచి ముందు చక్రం జారి ఇంజను ఆగింది, పడలేదు. బూట్లలోకి వచ్చిన నీళ్ళు ఏజెన్సీ చలికి మధ్యాహ్నం దాకా గడ్డకట్టినట్టే ఉన్నాయి.

మైలేజీ సగటున 37 వస్తోంది. బావ బండికి 28 దాకా. ట్యాంకులు 13, 17 కాబట్టి ఎటు చూసినా ఒక నింపుకి 480, 475 కిలోమీటర్లు. ఏజెన్సీలో బంకులు దూరదూరంగా ఉంటాయి, సీసాల్లో అమ్మే పెట్రోలు మీద ఆధారపడకుండా నర్సీపట్నంలోనే నింపేసుకుంటాను.

జనవరి 2026, సంక్రాంతి తర్వాతి ఆదివారం

ఇద్దరం కలిసి వెళ్ళాం, ఆ జూన్ దారికే. నేల ఎండి ఉంది. బావ ఆరడుగుల మనిషి, 450 మీద నిలబడి నాకంటే వేగంగా దిగాడు, ఒక్కసారి కూడా పడలేదు. నేను రెండుసార్లు పడ్డాను, రెండుసార్లూ ఆయన వెనక్కి తిరిగి చూసేలోపే లేపేశాను. "చూశావా, లేచిందెవరో కాదు, పడిందెవరో లెక్కపెట్టాలి" అని దారంతా ఏడిపించాడు.

దారి ఓ చిన్న గూడెం దగ్గర ఆగింది. వాకిళ్ళలో టార్పాలిన్ల మీద కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. ఇక్కడినుంచి గెడ్డ దాకా కాలిబాటేనట, బైకులు కూడా పోతాయట.

తిరిగొచ్చేటప్పుడు తాళ్ళపాలెంలో బావ రెండో టీ తాగుతుండగా చేరుకున్నాను. హైవే మీద ఆ బండి వెనక పోతుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది, అబద్ధం చెప్పను. వచ్చే నెల పనులు: ఫోర్క్ ఆయిల్ మార్చడం, ఎడమ ఫుట్‌పెగ్ బోల్టు, ముందుకి కొత్త ట్యూబు. ఆ కాలిబాటకి బావ రానన్నాడు, నా బండి ఇస్తే మాత్రం వస్తాడట.