తాతయ్య జీవితానికి తేదీలు వెతికిన పని

తాతయ్య సంవత్సరీకం నాటికి ఆయన జీవితాన్ని చిన్న పుస్తకంగా రాసి బంధువులందరికీ ఇవ్వాలని నాన్న, బాబాయి, అత్తలు నిర్ణయించుకొని ఆ పనిని నాకు అప్పగించారు. ఆయన పల్నాడులో, నాగార్జునసాగర్ కుడి కాలువ చివరి భూముల్లో సేద్యం చేసిన రైతు. ఉద్యోగులకైతే నియామకపు ఉత్తర్వు మొదలు పింఛను కాగితం వరకు తేదీలతో ఒక వరుస ఉంటుంది. రైతుకు అలాంటి వరుసను ఎవరూ రాసిపెట్టరు కాబట్టి, ఏది ముందో ఏది తరువాతో తేల్చుకోవడమే నా పనిలో పెద్ద భాగమైంది.

పుట్టినరోజుతోనే చిక్కు మొదలైంది. ఆధార్ కార్డులో 1940 జనవరి 1 అని ఉంది. ఊళ్ళో ఆ వయసు వారిలో చాలామంది జనవరి ఒకటినే పుట్టినట్లు కార్డులు చెబుతాయి కనుక దానిని నేను నమ్మలేదు. తాతయ్య అక్కగారు మాత్రం, తన తల్లి పదేపదే చెప్పగా విన్న మాటగా, తమ్ముడు భావ నామ సంవత్సరం శ్రావణంలో పుట్టాడని తడుముకోకుండా చెప్పింది. అంటే 1934 ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతం. నాయనమ్మను పెళ్ళి గురించి అడిగితే, నందికొండ దగ్గర సాగరు ఆనకట్టకు నెహ్రూ పునాదిరాయి వేశాక వచ్చిన మాఘమాసమని చెప్పింది. ఆ శంకుస్థాపన 1955 డిసెంబరు 10న జరిగింది కాబట్టి పెళ్ళి 1956 తొలి నెలల్లో అయి ఉండాలి. కార్డు ప్రకారం అప్పటికి పెళ్ళికొడుకుకు పదహారేళ్ళు, అక్కగారి మాట ప్రకారం ఇరవై ఒకటి. నాయనమ్మ నవ్వి, మీసాలున్న మనిషినే చేసుకున్నానని చెప్పడంతో ఆ సందేహం తీరింది.

తరువాత అందరినీ కూర్చోబెట్టి, తాతయ్య ఎలాంటివారో చెప్పమని అడిగాను. చాలా మంచివారు, కష్టజీవి, పిల్లలంటే ప్రాణం అన్నారు. ఈ మాటలన్నీ నిజమే అయినా, వాటితో ఒక పేజీ కూడా నిండదని, నిండినా అది ఎవరి తాతయ్యకైనా సరిపోతుందని అర్థమైంది. అందుకని ప్రశ్న మార్చాను. పెద్దత్త పుట్టిన ఏడు ఏ పంట వేశారు, సాగరు నీళ్ళు రాకముందు ఇంటికి ఏ గింజలు వచ్చేవి అని అడగడం మొదలుపెట్టేసరికి జ్ఞాపకాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పెద్దత్తను పొలానికి తీసుకువెళ్ళడం ఇంకా మేలు చేసింది. ఇంట్లో నాలుగు ముక్కలకు మించి మాట్లాడని ఆవిడ గట్టు మీద నిలబడి, ఇక్కడ జొన్న, అక్కడ మిరప, ఆ వారన ఆముదం అంటూ కాలువకు ముందటి మెట్ట సేద్యాన్నంతా మడి మడికీ చూపించింది.

నోటిమాటలను సరిచూసుకోవడానికి కాగితాలు కావాలి. నాయనమ్మ ట్రంకుపెట్టెలో పాత శిస్తు రసీదుల కట్ట దొరికింది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యే వరకు ఉన్న రసీదులన్నీ ఒకే చేతిరాతలో, రెవెన్యూ లెక్కల్లో వాడే ఫసలీ సంవత్సరాలతో ఉన్నాయి. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందని, ఆ సంవత్సరం జూలై ఒకటిన మొదలవుతుందని రెవెన్యూ కార్యాలయంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన చెప్పాక ఆ కట్ట నాకు పట్టుబడింది. ఇంతకాలం మా ఇంట్లో అందరూ 1967లోనే మన పొలానికి నీళ్ళు వచ్చాయని చెప్పుకొనేవారు. ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలింది 1967 ఆగస్టులోనే, అందులో సందేహం లేదు. అయితే మా రసీదుల్లో నీటి తీరువా, అంటే నీటి పన్ను అన్న పద్దు మొదటిసారి కనిపించేది ఫసలీ 1379లో, అంటే 1969 జూలైకి, 1970 జూన్‌కు మధ్య. ప్రధాన కాలువకు వచ్చిన నీరు చివరి పొలానికి చేరడానికి పిల్లకాలువలు తవ్వాలి, భూమి చదును చేయాలి, గట్లు వేయాలి. ఈ రెండేళ్ళ ఎడం గురించి అడిగినప్పుడే నాయనమ్మకు అసలు సంగతి గుర్తుకొచ్చింది. డెల్టా నుంచి వచ్చినవారికి పొలాలు అమ్మి కొందరు పక్కకు తప్పుకుంటున్న రోజుల్లో, వరినాటు ఎన్నడూ ఎరుగని తాతయ్య భూమి అమ్మనని మొండికేసి, ఆ డెల్టా రైతుల దగ్గరే నారుమడి పోయడం నేర్చుకొన్నారట. ముప్పై అయిదేళ్ళ వయసులో, నలుగురు పిల్లల తండ్రి వృత్తినంతా కొత్తగా నేర్చుకోవడాన్ని నేను పుస్తకంలో అన్నిటికంటే పెద్ద అధ్యాయంగా రాశాను.

పత్తి కాలానికి వచ్చేసరికి తాతయ్య రాసుకొన్న లెక్కల పుస్తకాలు తోడయ్యాయి. వాటిలో పొలం ఖర్చు వేరు, ఇంటి ఖర్చు వేరు అన్న విభజన ఎక్కడా లేదు. యూరియా కట్టల కింద పెద్దమ్మాయి పుస్తకాలు, దాని కింద అమ్మకు కళ్ళజోడు, మళ్ళీ కూలీలు. కుటుంబం పట్ల ఆయనకున్న మమకారాన్ని వర్ణించడానికి నేను రాసుకొన్న రెండు పేరాలను కొట్టివేసి, అలాంటి ఒక పేజీని ఉన్నదున్నట్లు ఎత్తి రాశాను.

ఇక అమ్మిన రెండెకరాల సంగతి. తన ఇంజనీరింగు చదువు కోసమే తాతయ్య భూమి అమ్ముకొన్నారన్న బరువును బాబాయి ఇన్నేళ్ళూ మోశాడు. చిన్నత్త మాత్రం అది తన పెళ్ళి కోసమేనని అనుకొనేది. ఆస్తి మీద జరిగిన లావాదేవీలను చూపే ఈసీ కంప్యూటరులో 1983 నుంచి దొరుకుతుంది కాబట్టి సర్వే నంబరుతో వెతికితే అమ్మకం 1989లో జరిగినట్లు తేలింది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజు నకలు తీసుకొంటే, కుటుంబ అవసరాలు, బాకీల నిమిత్తం అన్న మామూలు మాటలే ఉన్నాయి. ఏ బాకీలో లెక్కల పుస్తకం చెప్పింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ తినేసినప్పుడు, మందు మీద మందు కొట్టి చేసిన అప్పు అది. భూమి అమ్మిన సొమ్ము పురుగుమందుల దుకాణానికి, సొసైటీకి వెళ్ళినట్లు పద్దులు ఉన్నాయి. బాబాయి ఫీజుల పక్కన మాత్రం ప్రతిసారీ ‘పాలు’ అని రాసి ఉంది. అంటే నాయనమ్మ మేపిన గేదెల పాల డబ్బు. తాతయ్య గురించి రాస్తున్న పుస్తకంలో అంతవరకు నాయనమ్మ వంటింటి దగ్గరే ఉండిపోయిందని అప్పుడు గమనించి, వెనక్కి వెళ్ళి చాలా పేజీలు తిరగరాశాను.

చిత్తుప్రతిని ఇంట్లో చదివి వినిపించినప్పుడు అప్పు ప్రస్తావన వద్దని నాన్న గట్టిగా పట్టుపట్టారు. నలుగురి చేతుల్లోకి వెళ్ళే పుస్తకంలో అది ఎందుకన్నది ఆయన వాదన. అప్పు తీసేస్తే భూమి అమ్మకానికి కారణం ఉండదని, కారణం లేకపోతే బాబాయి అపోహే చరిత్రగా మిగిలిపోతుందని నేను చెప్పాను. వింటున్న నాయనమ్మ, ఆ అప్పు తీర్చినప్పుడు ఊరంతా చూసింది, చేసినప్పుడు మాత్రం చూడలేదా, రాయి అంది. దుకాణం పేరు తీసేయాలన్న షరతు మీద నాన్న ఒప్పుకొన్నారు. పాల పద్దులున్న పేజీని జిరాక్స్ తీయించి ఇమ్మని బాబాయి అడిగితే ఇచ్చాను.