బుర్ర ఆగట్లేదు అనేవాళ్ళకి: ఓ రొయ్యల రైతు అనుభవం

నేను డాక్టర్ని కాదు, యోగా నేర్పేవాణ్ణి అసలే కాదు, నరసాపురం దగ్గర లీజు చెరువుల్లో వనామీ రొయ్య పెంచుకునే మామూలు రైతుని. మొన్న మా బావమరిది ఫోన్ చేసి "బావా, రాత్రిళ్ళు బుర్ర ఆగట్లేదు, నువ్వెలా బయటపడ్డావు, ఏం మాత్రలు వాడావు" అని అడిగాడు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతాడు, పైగా మా వైపు ఇలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు, పైకి చెప్పరు అంతే, అందుకని కూర్చుని మొత్తం రాస్తున్నా.

మాలాంటోళ్ళకి ఎవరైనా "ఎక్కువ ఆలోచించకండి, మనసు ప్రశాంతంగా ఉంచుకోండి" అని చెప్తే ఒళ్ళు మండుద్ది. ఎందుకంటే రొయ్యల చెరువు రాత్రిపూటే మోసం చేస్తుంది. పగలంతా ఎండకి నీళ్ళలో ప్లాంక్టన్ (కంటికి కనపడనంత చిన్న నాచు లాంటిది) ఆక్సిజన్ తయారుచేస్తుంది, చీకటి పడ్డాక అదే ప్లాంక్టన్ రొయ్యతో పోటీపడి ఆ ఆక్సిజన్నే వాడేస్తుంది, అలా తగ్గుతూ తగ్గుతూ తెల్లారగట్ల సూర్యుడొచ్చే ముందు డీవో (నీళ్ళలో కరిగున్న ఆక్సిజన్) బాగా అడుక్కి పోద్ది. అది లీటరుకి నాలుగు మిల్లీగ్రాముల పైన ఉంటే ధీమా, మూడు కిందకి వచ్చిందంటే రొయ్య మేత మానేస్తుంది, ఇంకా పడితే గట్టు వారకొచ్చి తేలడం మొదలుపెడుతుంది. రెండ్రోజులు ముసురు పట్టిందా, పగలు తయారయ్యేదే తక్కువ కాబట్టి రాత్రి ఇంకా కష్టం. అలాంటప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మిషన్లు) ఆగి, జనరేటర్ స్టార్ట్ అవ్వకపోతే పెట్టిన పెట్టుబడంతా తెల్లారేసరికి చెరువు అడుగున పడుంటుంది. అంటే నా భయం ఉత్తుత్తి భయం కాదు. ఈ ముక్క ఎవరూ ఒప్పుకోకపోవడమే నాకు మొదట్లో పెద్ద చిరాకు.

కాకపోతే ఆ భయం చెరువు దగ్గర ఆగేది కాదు. పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) బాగా వచ్చి, రేటు కూడా కలిసొచ్చి, డబ్బులు చేతికొచ్చిన వారం కూడా నాకు నిద్ర పట్టలేదు, చెరువులో నీళ్ళు కూడా లేవు అప్పుడు, ఎండగట్టాం. అప్పుడు మా ఆవిడ అంది, "ఇప్పుడు ఏ రొయ్య తేలుద్దని లేచి కూర్చున్నారు" అని. నిజమే కదా. రాత్రి రెండింటికి ఠంచనుగా మెలకువ వచ్చేది, ముందు డీవో గుర్తొచ్చేది, అక్కణ్ణుంచి కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) రేటు, అక్కణ్ణుంచి లీజు, అక్కణ్ణుంచి పిల్లదాని ఇంటర్, అక్కణ్ణుంచి ఎప్పుడో పెళ్ళిలో చినమావయ్య అందరిముందు అన్న మాట, దానికి నేను అప్పుడు ఏమని ఉండాల్సింది అని ఇప్పుడు డైలాగులు రాసుకోవడం. పక్కన ఫోన్ ఉంటుంది కాబట్టి రేట్ల గ్రూపు తెరవడం, యూట్యూబ్‌లో వైట్ స్పాట్ (రొయ్యల వైరస్ జబ్బు) వీడియోలు చూడ్డం, ఎవరి చెరువో పోయిందని వింటే నాది కూడా పోయినట్టే గుండె దడ. గుండెదేమో అని ఈసీజీ కూడా తీయించుకున్నా, బానే ఉందన్నారు. పగలేమో టీ మీద టీ, అందరి మీదా అరుపులు.

చివరికి మా ఆవిడే భీమవరంలో సైకియాట్రిస్టు దగ్గరకి తీసుకెళ్ళింది. ఊళ్ళో "పిచ్చి డాక్టరు దగ్గరకెళ్ళాడంట" అనుకుంటారని చెప్పులు కూడా పక్క కళ్ళజోడు షాపు ముందు విప్పాను, అంత భయం. ఆయన థైరాయిడ్, షుగరు, బీపీ టెస్టులు రాసి, అవన్నీ చూశాక ఒకటే లెక్క అడిగారు. ఎన్నింటికి పడుకుంటారు, ఎన్నింటికి లేస్తారు, నిజంగా నిద్రపోయేది ఎంతసేపు. తొమ్మిదిన్నరకి పడుకుని ఐదున్నరకి లేస్తానండి, నిద్ర మహా అయితే నాలుగున్నర గంటలు అన్నా.

"మరి మిగతా మూడున్నర గంటలు ఆ మంచం మీద ఏం చేస్తున్నారు?"

"ఆలోచిస్తున్నానండి."

"అదేనండి, మీ మంచానికి అదే అలవాటైపోయింది."

ఈ పద్ధతికి సీబీటీ-ఐ అని పేరంట, అంటే నిద్రలేమి కోసమే ఉన్న ఒక రకం థెరపీ, పెద్దవాళ్ళలో పాత నిద్రలేమికి మాత్రల కంటే ముందు దీన్నే వాడమని అమెరికాలో ఫిజీషియన్ల కాలేజీ 2016లోనే చెప్పిందంట. ఇందులో ఒక భాగం 1972లో బూట్జిన్ అనే సైకాలజిస్టు పెట్టింది, మంచం నిద్రకి మాత్రమే, ఓ ఇరవై నిమిషాలు దాటాక కూడా నిద్ర పట్టకపోతే (గడియారం చూడకూడదు, అంచనాయే) లేచి వేరే గదిలోకి పోవాలి, మసక లైట్లో ఏదో చప్పటి పని చెయ్యాలి, కళ్ళు మూతలు పడ్డప్పుడే మళ్ళీ మంచం ఎక్కాలి. ఇంతే. వినడానికి ఏముంది అనిపిస్తుంది, చేస్తే తెలుస్తుంది.

చప్పటి పని అంటే ఏం చెయ్యాలో నాకు తోచలేదు. పుస్తకం చదివే అలవాటు లేదు, టీవీ వద్దన్నారు. మా పెరట్లో రాలిన కొబ్బరి మట్టలు ఎప్పుడూ ఉంటాయి, అమ్మ వాటి ఈనెలు తీసి చీపుళ్ళు కడుతుంది. సరే అని సాయంత్రమే కొన్ని ఆకులు వసారాలో కుర్చీ పక్కన పెట్టించుకున్నా. రాత్రి లేచి ఆ కుర్చీలో కూర్చుని ఆకు మడిచి, ఈనెకి అటు ఇటు చీల్చి, మిగిలిన పీచు మొండి చాకుతో గీకి, ఒక పక్కన పెట్టడం, మళ్ళీ ఇంకో ఆకు. చేతులకి పని ఉంటుంది, బుర్రకి ఏమీ ఉండదు. ఆలోచనలు రాకుండా పోవు, వస్తాయి, కానీ చేతిలో ఈనె ఉన్నప్పుడు వాటి వెనకాల పూర్తిగా పరిగెత్తలేం. పొద్దున్నే అమ్మ లేచి ఆ కట్ట చూసి "ఏరా, చీపుళ్ళ కొట్టు పెడతావేంటి" అని నవ్వింది. మొదట్లో నిజంగానే కొట్టు పెట్టేన్ని ఈనెలు వచ్చాయి. ఆవులింతలు వచ్చేదాకా గీకాల్సిందే మరి.

రెండో భాగం నాకు ఎదురు తిరిగినట్టుండేది. నిద్ర చాలట్లేదు మొర్రో అంటే, ఆయన మంచం మీద ఉండే టైమే తగ్గించారు. లేచే టైం ఒకటి ఫిక్స్ చేసుకోండి, ఆదివారమైనా పండగైనా అదే, దానికి ఐదున్నర గంటల ముందు మాత్రమే పడుకోండి అన్నారు. ఇక్కడే నా చెరువు కలిసొచ్చింది. డీవో అడుక్కి పోయే టైం ఎలాగూ తెల్లారగట్లే కాబట్టి లేచేది నాలుగున్నర అని పెట్టుకున్నా, పడుకునేది పదకొండు. నాలుగున్నరకి లేచి నేనే వెళ్ళి మీటరు పెట్టి చూసుకుంటా అని ఖాయమయ్యాక రెండింటికి లేచి దాని గురించి బెంగపడాల్సిన పని కొంత తగ్గింది. మధ్య రాత్రి పూచీ చెరువు మీదుండే కుర్రాడిది, ఆ గంటలకి వాడికి జీతం కొంచెం పెంచా. కరెంటు పోతే ఫోన్ చేసే మొబైల్ స్టార్టర్ ముందే ఉంది నా దగ్గర, కానీ అది రింగ్ కాకపోయినా నేనే లేచి చూసేవాణ్ణి, ఇప్పుడు అది మోగితేనే లేవాలని పెట్టుకున్నా.

మొదటి వారం నరకం. తొమ్మిదింటికే తూగు, పదకొండు దాకా కూర్చోవాలి, మా ఆవిడ ఏదో ఒకటి అడుగుతూ లేపేది. మధ్యాహ్నం బండి మీద పాలకొల్లు వెళ్తుంటే కళ్ళు మూతపడ్డాయి, ఆ తర్వాత ఆ వారమంతా బండి ముట్టుకోలేదు. తర్వాత్తర్వాత పడుకున్న టైంలో చాలా భాగం నిద్రే అవుతుందని కనపడ్డాక, పడుకునే టైం పావుగంట చొప్పున ముందుకి జరుపుకుంటూ వచ్చాం, ఇప్పుడు పదింటికి పడుకుంటున్నా.

నాకు అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది మాత్రం నోటుబుక్కు. సాయంత్రం ఐదున్నరకి చెక్ ట్రేలు (రొయ్య మేత ఎంత తిందో చూసే పళ్ళేలు) చూసి, మేత లెక్క అయిపోయాక గట్టు మీద షెడ్డులోనే కూర్చుని రాస్తా. పేజీ మధ్యలో గీత, ఎడమవైపు చెయ్యగలిగింది, కుడివైపు నా చేతిలో లేనిది. ఒక రోజు పేజీ ఇలా ఉంటుంది, చూసి రాస్తున్నా: ఎడమవైపు "డీజిల్ సగం పైన ఉంది, రేపు పొద్దున్న ఒక క్యాను. మూడో చెరువు రెండో ఏరియేటర్ బేరింగ్ శబ్దం, మెకానిక్కి ఎనిమిదింటికి ఫోన్. పాప ఫీజు, శుక్రవారం." కుడివైపు "రేటు. వాన. చినమావయ్య." అంతే. కుడివైపు వాటి గురించి అక్కడే ఓ పావుగంట కావాలని కూర్చుని బెంగపడతా, నిజంగానే, దానికి టైం ఇస్తా. ఆ తర్వాత రాత్రి అవి వస్తే "రేపు ఐదున్నరకి రా" అంటా. ఇలా బెంగకి ఓ టైం కేటాయించడం 1980లలోనే పరిశోధకులు పరీక్షించి చూసిందేనంట. ఎడమవైపు సంగతి కూడా ఉత్తదేం కాదు, 2018లో అమెరికాలో బేలర్ యూనివర్సిటీవాళ్ళు కొంతమందిని పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపటి పనులు రాయమన్నారు, ఇంకొంతమందిని అయిపోయిన పనులు రాయమన్నారు, రేపటివి రాసినవాళ్ళకి సుమారు తొమ్మిది నిమిషాలు ముందు నిద్ర పట్టిందంట. అది కూడా ఎంత వివరంగా రాస్తే అంత తొందరగా. అందుకే "బేరింగ్" అని ఊరుకోకుండా ఎవరికి ఎన్నింటికి ఫోన్ అనేది కూడా రాస్తా.

ధ్యానం సంగతి. నాన్న రోజూ ప్రాణాయామం చేస్తారు, నన్నూ కూర్చోబెట్టారు, యాప్ కూడా వేసుకున్నా. కళ్ళు మూసుకుని ఆలోచనలు ఆపాలి అనుకుంటే వరద గేట్లు ఎత్తినట్టు వచ్చేవి. డాక్టరుగారికి చెప్తే 1987లో వెగ్నర్ అనే ఆయన చేసిన ప్రయోగం చెప్పారు, తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకండి అని స్టూడెంట్లకి చెప్తే దాన్నే తలుచుకున్నారంట, ఆ తర్వాత ఇంకా ఎక్కువ తలుచుకున్నారంట. కాబట్టి ఆపడం మానేశా. ఊపిరి మాత్రం నెమ్మదిగా, నిమిషానికి ఓ ఆరుసార్లు, వదిలేది తీసుకునేదానికంటే పొడుగ్గా, కాలవ గట్టు మీద తుమ్మచెట్టు కింద కూర్చుని, ఓ ఐదు నిమిషాలు. దాని వల్ల నిద్ర వస్తుందని కాదు, దడ తగ్గుతుంది. నాన్నకి ఇది ప్రాణాయామం కిందకి రాదు, పోనీలెండి.

మధ్యాహ్నం రెండు దాటితే టీ లేదు. టీలో కెఫీన్ ఐదారు గంటలైనా సగం ఒంట్లోనే ఉంటుంది, నేనేమో ఏడింటికి సెంటర్లో స్ట్రాంగ్ టీ కొట్టి తొమ్మిదిన్నరకి పడుకునేవాణ్ణి. మందు కూడా, నిద్ర కోసం ఒక పెగ్గు అంటారు మనోళ్ళు, తొందరగా పడుతుంది, నిజమే, రెండో సగం రాత్రి ముక్కలు చేసేస్తుంది. ఫోన్ హాల్లో పెద్ద సౌండుతో పెడతా, స్టార్టర్ కాల్ వినపడాలి కాబట్టి స్విచాఫ్ చెయ్యలేను.

ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోద్ది అని అందరూ అంటారు కదా, నాకు అవ్వలేదు. లండన్లో లాలీ అనే ఆవిడ, తోటివాళ్ళు చేసిన స్టడీ ఒకటి ఉంది, అందులో సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. ఒక్క రోజు తప్పితే పెద్దగా తేడా పడలేదు అని కూడా అందులోనే ఉంది, అది నాకు సంక్రాంతికి పనికొచ్చింది. భోగి నుంచి కనుమ దాకా భీమవరం చుట్టుపక్కల ఎవడు పడుకుంటాడు చెప్పండి, కోడిపందాల బరులు, చుట్టాలు, రాత్రంతా లైట్లు, పైగా కొత్తల్లుళ్ళ మర్యాదలు. నోటుబుక్కు లేదు, ఈనెలు లేవు, పడుకునే టైం లేదు. కానీ ఎన్నింటికి పడుకున్నా నాలుగున్నరకి మాత్రం లేచి చెరువు దగ్గరకి వెళ్ళా. ముక్కనుమ నాటికి మిగతావి వాటంతటవే దారికొచ్చాయి. పట్టుబడి రోజుల్లో కూడా అంతే చేస్తా, లేచే టైం ఒక్కటి పట్టుకుని మిగతావన్నీ వదిలేస్తా.

ఇప్పుడు ఎలా ఉంది అంటే, మెలకువ ఇంకా వస్తుంది, ముసురు పట్టిన రాత్రుల్లో ఎక్కువ. కానీ ఎక్కువసార్లు మళ్ళీ పడుకుంటా.

మాత్రలు అడిగావు కదరా, నాకు మొదట్లో కొన్నాళ్ళు ఇచ్చి ఆయనే మెల్లగా ఆపించారు, నువ్వు మెడికల్ షాపులో అడిగి కొనుక్కోకు. ఈ నిద్ర తగ్గించే పద్ధతి కూడా సొంతంగా మొదలెట్టకు, మూర్ఛలు, బైపోలార్ లాంటివి ఉన్నవాళ్ళకి, లారీ నడిపేవాళ్ళకి డేంజర్, ముందు ఎవరికైనా చూపించుకో. భీమవరం రావడానికి మొహమాటమైతే 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని గవర్నమెంటుది, 2022లో పెట్టారు, డబ్బులేం అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. నోటుబుక్కు మాత్రం ఇవాళే కొను. ఫోన్లోనే రాసుకుంటా అంటావేమో, వద్దు, ఫోన్ తీస్తే ముందు రేట్ల గ్రూపే కనపడుద్ది.