జీపీఎస్ వాచీ అంకెల్లో ఏది కొలత, ఏది లెక్క, ఏది అంచనా

జీపీఎస్ వాచీ తెర మీద అంకెలన్నీ ఒకే సైజులో, ఒకే ధీమాతో కనిపిస్తాయి. వాటిలో వాచీ నిజంగా కొలిచినవి కొన్నే. గడిచిన సమయం, గాలి పీడనం కొలతలు. దూరం, వేగం, మొత్తం ఎక్కిన ఎత్తు ఆ కొలతల నుంచి తీసిన లెక్కలు. వీఓ2 మ్యాక్స్ (ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్), కోలుకోడానికి పట్టే గంటలు, గమ్యం చేరే టైము ఉత్త అంచనాలు. ఏది ఏ రకమో తెలిస్తే ఏ సెట్టింగు ఎందుకు మార్చాలో, ఏ అంకెను చూసి కంగారు పడక్కర్లేదో తెలిసిపోతుంది.

ముందు సిగ్నల్ సంగతి. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు మూడూ తేలాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు అందాలి. నాలుగోది వాచీ గడియారంలో ఉండే తేడాను సరిచేసుకోడానికి. తను ఏ క్షణంలో ఎక్కడుంటుందో చెప్పే వివరాలను ప్రతి ఉపగ్రహం తనే ప్రసారం చేస్తుంది. జీపీఎస్‌లో అవి 30 సెకన్లకొకసారి మళ్లీ వస్తుంటాయి. మధ్యలో చెట్టో గోడో అడ్డొచ్చి ప్రసారం తెగితే ఆ ముక్క కోసం మళ్లీ కాచుకోవాలి. ఈ బాధ లేకుండా వాచీలు రాబోయే కొన్ని రోజుల కక్ష్యల వివరాలను ఫోన్ ద్వారా ముందే దించుకుంటాయి. వారాల తరబడి సింక్ చేయని వాచీ సిగ్నల్ కోసం నిమిషాలకొద్దీ వెతకడానికి కారణం చాలావరకు ఇదే. ముందు రోజు రాత్రి సింక్ చేయండి. పొద్దున ఆకాశం బాగా కనిపించే చోట కదలకుండా నిలబడండి. సిగ్నల్ దొరికిందని వాచీ చెప్పాక కూడా ఇంకో నిమిషం ఆగండి, ఈలోగా మరిన్ని ఉపగ్రహాలు అంది స్థానం కుదురుకుంటుంది. ఇళ్ల మధ్య నుంచే పరుగు మొదలుపెడితే మొదటి కిలోమీటరు గీత మేడల మీదుగా పోయినట్టు కనిపించడం ఖాయం.

ఆ వంకర గీతకు అసలు కారణం ప్రతిఫలనం. సిగ్నల్ నేరుగా రాకుండా మేడకో కొండగోడకో తగిలి వస్తే దాని దారి పొడవు పెరుగుతుంది, వాచీ తను ఉపగ్రహానికి అంత దూరంలో ఉన్నానని అనుకుంటుంది. రెండు ఫ్రీక్వెన్సీల వాచీలు పాత ఎల్1తో పాటు (1575.42 మెగాహెర్ట్జ్) ఎల్5ను కూడా (1176.45 మెగాహెర్ట్జ్) వింటాయి. ఎల్5 సిగ్నల్‌లో కోడ్ పది రెట్లు వేగంగా మారుతుంది కాబట్టి నేరుగా వచ్చినదాన్ని, తగిలి వచ్చినదాన్ని విడదీయడం తేలిక. దీనికి బ్యాటరీ ఖర్చు ఎక్కువ. బయలు ప్రదేశంలో, చెరువు గట్టు మీద మామూలు జీపీఎస్ మోడ్ చాలు. ఇరుకు లోయ, దట్టమైన అడవి, ఎత్తైన భవనాల నడుమ అయితే రెండు ఫ్రీక్వెన్సీలూ ఆన్ చేయాలి. పరిస్థితిని బట్టి తనే మార్చుకునే ఆటో మోడ్ ఉంటే దాన్నే వదిలేయడం మేలు.

బ్యాటరీ ఆదా మోడ్‌లో వాచీ ఒకటి రెండు నిమిషాలకొకసారి మాత్రమే స్థానం చూస్తుంది. మెలికలు తిరిగే ఘాట్ దారిలో ఈ మోడ్ పెడితే మలుపులన్నీ అడ్డంగా కోసుకుపోయి దూరం తక్కువ పడుతుంది. పైగా దారి తప్పిన సంగతి కూడా అంతే ఆలస్యంగా తెలుస్తుంది. రోజుల తరబడి సాగే నడకకు ఫరవాలేదు కానీ దారి వెతుక్కుంటూ వెళ్లేటప్పుడు వద్దు. రికార్డింగ్‌ను "ప్రతి సెకను"కు పెట్టుకోండి. ఫైలు కాస్త పెద్దదవుతుంది, అంతే.

ఇక దూరం. మారథాన్ అయ్యాక వాచీలో 42.5 కిలోమీటర్లు చూసి నిర్వాహకులు దారి ఎక్కువ పెట్టారని తిట్టుకునేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. ధ్రువీకరించిన మారథాన్ దారిని ముందుగా సరిచూసిన సైకిల్‌తో, పరిగెత్తేవారికి వీలైన అతి దగ్గరి గీత వెంబడి కొలుస్తారు. ఎక్కడా తక్కువ కాకూడదని దానికి వెయ్యికి ఒక వంతు, అంటే 42 మీటర్లు కలుపుతారు. మనం ఆ గీత మీద పరిగెత్తం. మలుపుల్లో బయటికి పోతాం, జనాన్ని తప్పించుకుంటాం. దానికి జీపీఎస్ ఊగిసలాట తోడవుతుంది. కాబట్టి రేసులో ఆటో ల్యాప్ (ప్రతి కిలోమీటరుకూ వాచీ తనే ఒక ల్యాప్ ముగించడం) ఆపేసి ప్రతి కిలోమీటరు బోర్డు దగ్గర ల్యాప్ బటన్ మీరే నొక్కడం సరైన పద్ధతి. స్టేడియం ట్రాక్‌లో లేన్ తేడా కూడా చూసుకోవాలి. మొదటి లేన్‌లో చుట్టు 400 మీటర్లయితే ఎనిమిదో లేన్‌లో సుమారు 453. ట్రాక్ మోడ్ ఉన్న వాచీలో లేన్ నంబరు సరిగ్గా పెట్టకపోతే ఆ మోడ్ వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

అప్పటికప్పటి పేస్‌ను, అంటే కిలోమీటరుకు పట్టే టైమును, చూస్తూ పరిగెత్తకండి. కిలోమీటరుకు 5 నిమిషాలంటే సెకనుకు 3.33 మీటర్లు. సెకనుకు అర మీటరు తేడా వచ్చినా అదే పరుగు ఒకసారి 4:21గా, ఇంకోసారి 5:53గా కనిపిస్తుంది. వాచీ దీన్ని నునుపు చేసి చూపిస్తుంది, అలా చేసినందుకు కొన్ని సెకన్లు వెనకబడుతుంది. తెర మీద ల్యాప్ పేస్, ల్యాప్ దూరం, గుండె వేగం, ఈ మూడు చాలు. కొండ మీదికి చిన్న చిన్న పరుగులు తీసేటప్పుడు గుండె వేగం కూడా పనికిరాదు, అది పెరిగేసరికి పరుగు అయిపోతుంది. అక్కడ టైము, ఊపిరి చూసుకోవాలి.

గుండె వేగాన్ని మణికట్టు దగ్గర కొలిచే పచ్చ లైటు చర్మం కింద రక్తం ఎంత కదిలిందో చూస్తుంది. వాచీ వదులుగా ఉంటే లోపలికి వెలుతురు చొరబడుతుంది, ప్రతి అడుగుకూ వాచీ కదిలి ఆ కుదుపునే గుండె చప్పుడుగా లెక్కిస్తుంది. తేలికపాటి జాగింగ్‌లో 170 దాటి గీత గీసినట్టు కదలకుండా ఉంటే అది మీ గుండె కాదు, నిమిషానికి మీరు వేసే అడుగులు. మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైన, కదలనంత బిగుతుగా కట్టండి. చలిలో చేతికి రక్తం తగ్గుతుంది, మొదటి పది నిమిషాల అంకెలను పట్టించుకోకండి. ఇంటర్వెల్స్ (వేగంగా, నెమ్మదిగా మార్చి మార్చి పరుగు) చేసేవారికి మాత్రం ఛాతీ స్ట్రాప్‌కు మించింది లేదు. దాని ప్యాడ్లను నీటితో తడిపి కట్టుకోవాలి. పొడిగా కడితే చెమట పట్టేదాకా అంకెలు గెంతుతుంటాయి.

శ్రమ తీవ్రతను బట్టి గుండె వేగాన్ని విడగొట్టే జోన్ల విషయంలో వాచీ మొదట వాడేది 220 నుంచి వయసు తీసేసే సూత్రం. ఒక్కో మనిషి దగ్గర అది పది పన్నెండు బీట్లు అటూ ఇటూ తప్పడం మామూలే. దాని మీద కట్టిన జోన్లన్నీ అంతే పక్కకు జరుగుతాయి. అమెరికన్ కోచ్ జో ఫ్రీల్ ప్రచారంలోకి తెచ్చిన పరీక్ష దీనికన్నా నయం. బాగా వార్మప్ చేసి, ఒంటరిగా, చదునైన దారిలో 30 నిమిషాలు రేసులాగే పరిగెత్తాలి. పది నిమిషాల దగ్గర ల్యాప్ నొక్కాలి. చివరి 20 నిమిషాల సగటు గుండె వేగమే మీ థ్రెషోల్డ్, అంటే గట్టి శ్రమను ఎక్కువసేపు నిలబెట్టుకోగల హద్దు. అది 170 అనుకుంటే 85 శాతం లోపు, అంటే 144 దాకా మొదటి జోన్. 89 శాతం, అంటే 151 దాకా రెండో జోన్. సెట్టింగ్స్‌లో జోన్లను థ్రెషోల్డ్ శాతానికి మార్చి ఈ అంకె ఇవ్వండి. వీఓ2 మ్యాక్స్ అంచనా మీ వేగాన్ని గుండె వేగంతో పోల్చి తీసేది. ఎండలోనో బరువైన సంచీతోనో రాళ్ల దారిలోనో నడిస్తే గుండె వేగం పెరిగి పేస్ తగ్గుతుంది, దాంతో ఆ అంకె పడిపోతుంది. ఒంట్లో సత్తా తగ్గిందని బెంగ అక్కర్లేదు. అలాంటి రోజు యాక్టివిటీని "రన్" బదులు "హైక్" లేదా "ట్రైల్ రన్" కింద రికార్డు చేయండి.

దారి చూసుకోడానికి వాచీని వాడాలంటే సగం పని ఇంటి దగ్గరే అయిపోవాలి. మ్యాప్ సైటులో దారి గీసి, ఉపగ్రహ చిత్రం వేసి నిజంగా అక్కడ బాట ఉందో లేదో చూడండి. తర్వాత జీపీఎక్స్ ఫైలుగా (దారి బిందువులను దాచే ఫైలు రకం) దించండి. అందులో "రూట్", "ట్రాక్" అని రెండు రకాలున్నాయి. రూట్‌లో దూరదూరంగా కొన్ని బిందువులే ఉంటాయి. మ్యాప్ లేని వాచీ వాటిని తిన్నని గీతలతో కలుపుతుంది, మ్యాప్ ఉన్న వాచీ తనకు నచ్చిన దారిలో మళ్లీ లెక్కగట్టవచ్చు. ట్రాక్‌లో బిందువులు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి గీసింది గీసినట్టే వస్తుంది. ట్రాకే తీసుకోండి. వాచీలోకి ఎక్కించాక వాచీలోనే తెరిచి మొత్తం దూరం సరిపోయిందా, మొదలు చివర తారుమారు కాలేదు కదా చూడండి. బిందువులకు పరిమితి ఉన్న వాచీలు పొడవైన ఫైలును తగ్గించేస్తాయి. అప్పుడు దారిని రెండు ఫైళ్లుగా విడగొట్టాలి. వెళ్లిన దారినే తిరిగొచ్చే ప్రయాణానికీ, ఎనిమిది అంకె ఆకారపు దారికీ కూడా రెండు ఫైళ్లే మంచిది. లేకపోతే గీతలు కలిసేచోట వాచీ పొరబడి మీరు తిరుగు దారిలో ఉన్నారనుకుంటుంది. నీళ్లు దొరికే చోటు, దారి చీలే చోటు, మధ్యలో మానేసి కిందికి దిగే చోటు వే పాయింట్లుగా (మ్యాప్ మీద గుర్తులుగా) పెట్టుకోండి. పేర్లు పొట్టిగా, ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే నయం. చాలా వాచీల్లో తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి.

దారి తప్పితే వాచీ వణుకుతుంది, నిజమే. కానీ గీతకు కొన్ని పదుల మీటర్ల దూరం జరిగాకే. రెండు బాటలు సన్నని కోణంలో చీలేచోట అంత దూరం జరిగేసరికి చాలా కిందికి దిగిపోయి ఉంటారు. చీలిక కనపడగానే మ్యాప్ తెరను దగ్గరికి జూమ్ చేసి, యాభై అడుగులు వేసి, బాణం గీత మీదే ఉందో లేదో చూసుకోవాలి. నిలబడి ఉన్నప్పుడు మీరు ఎటు తిరిగి ఉన్నారో జీపీఎస్‌కు తెలియదు. అది చెప్పేది కంపాస్. మొదలుపెట్టే చోట, కారుకు దూరంగా, వాచీని గాల్లో ఎనిమిది ఆకారంలో తిప్పి క్యాలిబ్రేట్ చేయండి. అదే చేతిలో ఫోనో పవర్ బ్యాంకో పట్టుకున్నా, అయస్కాంతం పట్టీ వాడుతున్నా కంపాస్ తప్పు చెబుతుంది.

తిరిగి మొదటికి చేర్చే ఆప్షన్‌లో "వచ్చిన దారినే", "నేరుగా" అని రెండుంటాయి. ఎప్పుడూ మొదటిదే. నేరుగా అన్నది మధ్యలో వాగుందా, కొండచరియ ఉందా అని చూడదు.

సాయం కోసం స్థానం చెప్పాల్సి వస్తే అక్షాంశ రేఖాంశాలను దశాంశాల్లో చెప్పేలా ముందే సెట్ చేసుకోండి. ఐదు దశాంశ స్థానాలుంటే సుమారు మీటరు వరకు తెలుస్తుంది. 17 డిగ్రీల 30 నిమిషాలంటే దశాంశాల్లో 17.50. దాన్ని 17.30గా రాసుకుంటే వెతికేవాళ్లు 22 కిలోమీటర్ల దూరంలో వెతుకుతారు.

ఎత్తు విషయానికొస్తే, బారోమీటర్ ఉన్న వాచీ గాలి పీడనాన్ని ఎత్తుగా మారుస్తుంది. సముద్రమట్టం దగ్గర ఒక హెక్టోపాస్కల్ తగ్గితే ఎనిమిది మీటర్లు ఎక్కినట్టు లెక్క. వాతావరణం మారి పీడనం నాలుగు హెక్టోపాస్కల్‌లు పడితే, గుడారంలో పడుకున్న మనిషి రాత్రికి రాత్రి ముప్పై మీటర్లు ఎక్కినట్టు చూపిస్తుంది. బయల్దేరేచోట మ్యాప్‌లో ఉన్న ఎత్తును చేత్తో ఇచ్చి సరిచేయండి, దారిలో ఎత్తు తెలిసిన చోటు తగిలినప్పుడల్లా మళ్లీ సరిచేయండి. ఒకేచోట బస చేసినప్పుడు సెన్సర్‌ను బారోమీటర్ మోడ్‌లో పెడితే అదే గుణం గాలివాన హెచ్చరికగా పనికొస్తుంది. ఎత్తు మారకుండా బిగుసుకుపోతే సెన్సర్ రంధ్రాల్లో చెమట ఉప్పు, మట్టి చేరాయన్నమాట. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి జాడించండి, పిన్నుతో పొడవకండి.

చేరే టైము అంచనా కొండల్లో దారుణంగా ఉంటుంది. చాలా వాచీలు ఇప్పటిదాకా నడిచిన వేగాన్నే ముందుకు సాగదీస్తాయి, ముందు ఎక్కుడు ఉందని చూడవు. 1892 నాటి నెయిస్మిత్ సూత్రం ఇంకా దీన్ని ఓడిస్తుంది. ప్రతి 5 కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. 12 కిలోమీటర్ల దారిలో 900 మీటర్లు ఎక్కాలంటే 2 గంటల 24 నిమిషాలు, గంటన్నర, కలిపి దాదాపు నాలుగు గంటలు. ఆగే టైము దీనికి అదనం.

బ్యాటరీ గంటలు కంపెనీ చెప్పేది కొత్త బ్యాటరీకి, నిర్ణీత సెట్టింగులకు. అందులో మూడింట రెండు వంతులే ఉన్నట్టు ప్లాన్ చేయడం తెలివైన పని. ఎప్పుడూ వెలిగి ఉండే తెర, పాటలు, ఫోన్ నోటిఫికేషన్లు ముందు ఆపేయండి, జీపీఎస్ నాణ్యతను చివరగా తగ్గించండి. దారిలో పవర్ బ్యాంకుతో చార్జ్ చేసే ఉద్దేశం ఉంటే ఇంట్లో ఒకసారి పరీక్షించండి. కేబుల్ పెట్టగానే రికార్డింగ్ ఆగిపోయే వాచీలున్నాయి. చార్జింగ్ పిన్నుల మీద చెమట ఉండగా కేబుల్ పెడితే తుప్పు పట్టి కొన్నాళ్లకు చార్జే ఎక్కదు, కడిగి ఆరబెట్టాకే పెట్టాలి.

నడక అయ్యాక ఫైలు దాచుకోవాలనుకుంటే వాచీ రాసిన అసలు ఫిట్ (.fit) ఫైలునే దాచండి. జీపీఎక్స్‌గా మారిస్తే ల్యాప్‌లు, కొన్ని సెన్సర్ల వివరాలు పోతాయి. ఇతరులతో పంచుకునే కాపీలో మాత్రం మొదటి, చివరి కొన్ని వందల మీటర్లు కత్తిరించండి. లేకపోతే మీ ఇల్లెక్కడో, మీరు ఏ వేళ ఇంట్లో ఉండరో ఆ గీతే చెప్పేస్తుంది.